డీజే మిక్సర్ కొంటున్నారా? ముందు వైర్లు లెక్కపెట్టుకోండి

అమలాపురం వైపు పెళ్ళి ఊరేగింపుకైనా, భీమవరంలో సంక్రాంతి ప్రోగ్రామ్‌కైనా కొత్తగా డీజే పెట్టాలనుకునేవాళ్ళు మొదట అడిగే మాట "ఏ కంపెనీ మంచిదండీ?" అని. ఆ ప్రశ్న చివర రావాలి. మిక్సర్‌లోకి ఏమేం వస్తాయి, అందులోంచి ఎక్కడెక్కడికి వెళ్తాయి, కరెంటు ఎక్కడి నుంచి తీస్తారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుంటే మోడల్ దానంతటదే తేలిపోతుంది. ఎఫెక్టులు, రంగు లైట్లు చూసి కొన్న మిక్సర్ వెనక సరైన సాకెట్ లేకపోతే, మొదటి ప్రోగ్రామ్ రోజే కన్వర్టర్ పిన్ను కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది: మీకు కావాల్సింది ఏ మిక్సర్?

మన దగ్గర మిక్సర్ అన్న పేరు మీద మూడు వేరువేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి.

ఒకటి డీజే కంట్రోలర్. రెండు వైపులా పాటను చేత్తో తిప్పే జాగ్ వీల్స్ (గుండ్రటి చక్రాలు), మధ్యన ఫేడర్లు (సౌండ్ పెంచే, తగ్గించే జారుడు పిడులు) ఉంటాయి. చూడటానికి మిక్సర్ లాగే ఉన్నా పాటలు కలిపే పని లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 ఈ రకం. నేర్చుకోవడానికి, ఇంటి ఫంక్షన్లకు చాలా మంచిది. కానీ దాని వెనక మాస్టర్ అవుట్ (బాక్సులకు సౌండ్ పంపే సాకెట్) ఒక్క ఆర్‌సీఏ జతే, అంటే ఎరుపు, తెలుపు పిన్నులవి. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు, డీజే పక్క మానిటర్ బాక్సుకు వెళ్ళే బూత్ అవుట్ లేదు, మైక్ ఒక్కటే పడుతుంది. లాప్‌టాప్ హ్యాంగ్ అయితే బాక్సుల్లో పాట ఉండదు.

రెండోది అసలు డీజే మిక్సర్. లాప్‌టాప్, ప్లేయర్, ఫోన్ ఏది తగిలించినా కలిపి పంపిస్తుంది. లాప్‌టాప్ ఆగిపోతే రెండో చానల్‌లో ఉన్న ఫోన్ పాట పైకి లేపితే చాలు, జనానికి తెలియను కూడా తెలియదు. డబ్బు తీసుకుని ప్రోగ్రామ్ చేసేవాళ్ళు విడి మిక్సర్ కొనడానికి ఈ ఒక్క కారణం చాలు.

మూడోది లైవ్ మిక్సర్, అంటే ఎనిమిది చానళ్ళో పన్నెండు చానళ్ళో ఉండి మైకుల కోసం చేసినది. సన్నాయి, డోలు, యాంకర్, పంతులుగారి మైకు, పాటలు పాడేవాళ్ళు, ఇవన్నీ ఉంటే ఇది తప్పదు. దీంట్లో ఒక పాట నుంచి ఇంకో పాటకు జరిపే అడ్డ ఫేడర్, అంటే క్రాస్‌ఫేడర్, ఉండదు. రాబోయే పాటను ముందుగా హెడ్‌ఫోన్‌లో వినే వీలు చాలా చిన్న మోడళ్ళలో ఉండదు. అందుకని దీంతోనే డీజే చేద్దామనుకోకండి. అలాగే డీజే మిక్సర్‌కు నాలుగు మైకులు తగిలిద్దామని కూడా అనుకోకండి. రెండు మైకులు దాటే పనైతే డీజే మిక్సర్ మాస్టర్ అవుట్‌ను లైవ్ మిక్సర్ స్టీరియో లైన్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చి, మైకులన్నీ లైవ్ మిక్సర్‌కే కట్టండి. సౌండ్ సప్లై వాళ్ళ దగ్గర లైవ్ మిక్సర్ ఎలాగూ ఉంటుంది. వాళ్ళతో కలిసి పనిచేసేవాళ్ళకు రెండు చానళ్ళ మంచి డీజే మిక్సర్ సరిపోతుంది.

లాప్‌టాప్ అక్కర్లేకుండా పెన్‌డ్రైవ్‌తో నడిచే స్టాండలోన్ సెట్లు కూడా ఉన్నాయి. వాటిలో ఎక్స్‌డీజే-ఆర్‌ఎక్స్3 లాంటివి లక్ష దాటుతాయి. పని బాగా దొరుకుతున్నవాళ్ళు మాత్రమే అటు చూడాలి.

లోపలికి వచ్చేవి

మీ పెద్ద ప్రోగ్రామ్‌ని తలుచుకుని రాయండి. లాప్‌టాప్ ఒకటి, అది ఆగితే ఆదుకునే ఫోన్ ఒకటి, మైక్ ఒకటి లేదా రెండు. ఇద్దరు డీజేలు మార్చి మార్చి వాయిస్తే రెండో లాప్‌టాప్. ఒక్కరే వాయించే పనికి రెండు చానళ్ళు, ఒక ఆక్స్ (అదనపు) ఇన్‌పుట్ చాలు. నాలుగు చానళ్ళకు ఎక్కువ డబ్బు పెట్టేది ఇద్దరు మారేటప్పుడు, లేదా మూడు నాలుగు పాటలు ఒకేసారి పేర్చి వాయించేటప్పుడు. "ఎందుకైనా మంచిది" అని నాలుగు చానళ్ళు కొనడం కన్నా ఆ డబ్బుతో కేబుళ్ళు, కేసు కొనుక్కోవడం మేలు.

ఫోనో ఇన్‌పుట్ల గురించి దిగులు వద్దు. అవి గ్రామఫోన్ రికార్డు తిప్పే టర్న్‌టేబుళ్ళ కోసం. ట్రాక్టర్ ట్రక్కు మీద, బేస్ బాక్సుల పక్కన ముల్లు నిలవదు. ఫోనో ఉన్న మిక్సర్ కొంటే మాత్రం ఒక జాగ్రత్త కావాలి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్, దాన్ని చాలా రెట్లు పెంచడానికి ఆ సాకెట్ ఉంది. ఫోన్‌నో లాప్‌టాప్‌నో అందులో గుచ్చితే పాట చీలిపోయి, బేస్ బొంగురుపోయి వస్తుంది. వెనకో ముందో ఉన్న లైన్–ఫోనో స్విచ్ లైన్ మీద ఉందో లేదో చూశాకే ప్లగ్గు పెట్టండి.

లాప్‌టాప్‌ను ఇయర్‌ఫోన్ జాక్ నుంచి కాకుండా యూఎస్‌బీ ద్వారా కలపాలంటే మిక్సర్‌లోపలే సౌండ్ కార్డ్ ఉండాలి. పేర్లలో చిన్న అక్షరం దగ్గర పొరపాటు జరుగుతుంది. అలెన్ అండ్ హీత్ జోన్:23, జోన్:43లలో సౌండ్ కార్డ్ ఉండదు. చివర "సీ" అక్షరం ఉన్న 23సీ, 43సీలలో ఉంటుంది. కొనే ముందు మీ లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ వెర్షన్‌కు ఆ మిక్సర్ డ్రైవర్ దొరుకుతుందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకోండి. పాత మోడల్ చవగ్గా దొరికినా డ్రైవర్ రాకపోతే సౌండ్ కార్డ్ ఉండీ లేనట్టే. వర్చువల్ డీజే వాడేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. అది ఇంట్లో నేర్చుకోవడానికే ఉచితం, డబ్బు తీసుకుని చేసే పనికి లైసెన్స్ కొనాలి. ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో రాయండి.

ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపే మిక్సర్లు వస్తున్నాయి. విరామంలో పాట వేయడానికి పర్వాలేదు. బీట్ కలపడానికి మాత్రం పనికిరాదు, సౌండ్ ఆలస్యంగా చేరుతుంది. మూడున్నర ఎంఎం జాక్ నుంచి రెండు ఆర్‌సీఏలకు వెళ్ళే గట్టి కేబుల్ రెండు ఉంచుకోండి.

బయటికి వెళ్ళేవి: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

మిక్సర్‌ను షాపులో చూసేటప్పుడు ముందు దాన్ని వెనక్కి తిప్పండి. మూడు పిన్నుల గుండ్రటి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండు, లెఫ్ట్, రైట్ అని ఉండాలి. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏలు మాత్రమే ఉంటే అది ఇంటి పనికి, చిన్న హాలుకు.

కారణం ఇది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగల్లో ఒకదానికొకటి తిరగబడి వెళ్తుంది. దారిలో కరెంటు వైరు నుంచో, జనరేటర్ నుంచో గోల రెండు తీగల్లోనూ ఒకేలా చేరుతుంది. అవతలి ఇన్‌పుట్ ఆ రెంటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి గోల కొట్టుకుపోతుంది. ఆర్‌సీఏలో ఈ వీలు లేదు. నాలుగైదు మీటర్లు దాటితే గుయ్ మంటూ హమ్ము మొదలవుతుంది. పందిరి ఈ చివర డీజే టేబులు, ఆ చివర యాంప్లిఫయర్లు ఉండే మన పెళ్ళిళ్ళలో దూరం ఇరవై ముప్పై మీటర్లకు తక్కువ ఉండదు. ఎక్స్‌ఎల్‌ఆర్ ఆ దూరాన్ని హాయిగా మోస్తుంది.

ఇంకో తేడా లెవెల్‌ది. ఇళ్ళలో వాడే ఆర్‌సీఏ పరికరాల ప్రమాణం మైనస్ 10 డీబీవీ, ప్రొఫెషనల్ పరికరాలది ప్లస్ 4 డీబీయూ. రెంటికీ దాదాపు 12 డెసిబెల్స్ తేడా. తక్కువ లెవెల్ వచ్చిందని యాంప్లిఫయర్ నాబులు పూర్తిగా తిప్పేస్తే పాటతో పాటు బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది. ఇప్పటికే ఆర్‌సీఏ మాత్రమే ఉన్న కంట్రోలర్ కొనేసి ఉంటే దాన్ని అమ్మేయక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రెండు చానళ్ళ డీఐ బాక్స్ (ఆర్‌సీఏ సిగ్నల్‌ను ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చే పెట్టె) ఒకటి కొనండి. కంట్రోలర్ నుంచి ఒక మీటరు ఆర్‌సీఏ, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్. డీఐ బాక్స్ నుంచి వచ్చేది మైక్ లెవెల్ కాబట్టి దాన్ని లైవ్ మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి, నేరుగా యాంప్లిఫయర్‌కు కాదు.

తర్వాత చూడాల్సింది మోనో స్విచ్. ఊరేగింపు బండి మీద బాక్సులన్నీ దాదాపు మోనోలోనే, అంటే లెఫ్ట్, రైట్ కలిపి ఒకే సౌండ్‌గా, కడతారు. మాస్టర్‌ను మోనో చేసే స్విచ్ మిక్సర్ మీద ఉంటే పని సులువు. లేకపోతే చాలామంది లెఫ్ట్ ఒక్కటే తీసి యాంప్లిఫయర్‌కు ఇస్తారు. అప్పుడు రైట్ వైపు రికార్డయిన తబలానో కోరస్సో జనానికి వినపడదు. పాత స్టీరియో పాటల్లో ఇది మరీ ఎక్కువ. ఇంకొందరు వై కేబుల్‌తో లెఫ్ట్, రైట్ రెంటినీ కలిపి ఒక పిన్నుగా చేస్తారు. అది అసలు చేయకండి. ఒక అవుట్‌పుట్ ఇంకో అవుట్‌పుట్ మీదికి సిగ్నల్ తోస్తుంది, సౌండ్ చీలుతుంది, సర్క్యూట్ వేడెక్కుతుంది. మోనో స్విచ్ లేనప్పుడు రెంటినీ లైవ్ మిక్సర్‌లో రెండు చానళ్ళకు ఇచ్చి, రెండు ప్యాన్ నాబులూ (సౌండ్‌ను ఎడమకో కుడికో తిప్పేవి) మధ్యలో పెట్టండి.

బూత్ అవుట్ అంటే మీ దగ్గరి మానిటర్ బాక్సుకు వెళ్ళే విడి దారి, దానికి విడి వాల్యూమ్. పెద్ద బాక్సులు మీకు ఇరవై మీటర్ల దూరంలో ఉంటే అక్కడి సౌండ్ మీ చెవికి చేరేసరికి సుమారు 60 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. దాన్ని విని బీట్ కలిపితే కలవదు. పక్కనే చిన్న మానిటర్ ఉండి తీరాలి. మైక్ సౌండ్ బూత్‌లోకి వెళ్ళకుండా ఆపే ఏర్పాటు ఉన్న మిక్సర్ అయితే ఇంకా మంచిది, కూత పెట్టదు.

కరెంటు

వినాయక చవితి వానల్లో, జనరేటర్ మీద నడిచే బండిలో మిక్సర్ ఎన్నాళ్ళు బతుకుతుందనేది దాని పవర్ సప్లై మీద ఉంది. కంప్యూటర్‌కు వాడే మూడు పిన్నుల పవర్ కేబుల్ నేరుగా పట్టే మిక్సర్ కొనండి. ఆ కేబుల్ పోతే రావులపాలెంలోనైనా, రాజోలులోనైనా ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. బయట విడి అడాప్టర్ ఉండే మిక్సర్ కొనాల్సి వస్తే అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్, అదే పిన్ను దిశ (ప్లస్, మైనస్ వరస) ఉన్న రెండో అడాప్టర్ అదే రోజు కొనండి.

బేస్ కొట్టినప్పుడల్లా యాంప్లిఫయర్లు కరెంటు గుంజుతాయి, జనరేటర్ వోల్టేజీ ఊగుతుంది. మిక్సర్, లాప్‌టాప్ రెంటికీ కలిపి యాంప్లిఫయర్లతో సంబంధం లేని విడి లైను లాగి, మధ్యలో యూపీఎస్ పెట్టండి. చిన్న మిక్సర్ ముప్పై నలభై వాట్లకు మించి లాగదు కాబట్టి 600 వీఏ చాలు. ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. చవక ఇన్వర్టర్లు, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీదికి వెళ్ళగానే స్క్వేర్ వేవ్ ఇస్తాయి, బాక్సుల్లో బర్రుమనే శబ్దం వస్తుంది.

హమ్ము వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన దగ్గర ఉంది. తడి నేల, తడి చేతులు, మైకు పట్టుకున్న మనిషి. ఎర్త్ లేకపోతే ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు మైకు పట్టుకున్నవాడి ప్రాణం పోతుంది. హమ్ము ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి చుట్టుగా మారడం) వల్ల వస్తోందా లేదా తేల్చడానికి లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. తీయగానే ఆగితే లూప్ అదే, లైన్ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. ఎర్త్ పిన్నుల జోలికి వెళ్ళకండి.

పై భాగం: ఫేడర్లు, ఈక్యూ, మీటర్లు

ప్రతి చానల్‌కూ విడి మీటర్ ఉండాలి. చవక మిక్సర్లలో మాస్టర్ మీటర్ ఒక్కటే ఉంటుంది. 1980ల పాట ఎంపీ3 మెత్తగా ఉంటుంది, నిన్న వచ్చిన పాట గట్టిగా ఉంటుంది. వేసే ముందే హెడ్‌ఫోన్‌తో వింటూ చానల్ మీటర్ చూసి ట్రిమ్ (చానల్‌లోకి వచ్చే సౌండ్ మోతాదు మార్చే నాబు) సరిచేసుకోవాలి. విడి మీటర్ లేకపోతే పాట జనంలోకి వెళ్ళాకే తేడా తెలుస్తుంది.

ఈక్యూ, అంటే సన్నటి, మధ్య, బేస్ సౌండ్లను సరిచేసే నాబులు, హై, మిడ్, లో అని మూడూ విడిగా ఉండాలి. లో నాబు పూర్తిగా ఎడమకు తిప్పితే బేస్ మొత్తం ఆగిపోవాలి, లేదా కనీసం 26 డెసిబెల్స్ తగ్గాలి. పన్నెండు డెసిబెల్సే తగ్గించే మిక్సర్‌లో రెండు పాటల బేస్‌లు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అవుతాయి.

మన పనిలో క్రాస్‌ఫేడర్ కన్నా నిలువు ఫేడర్లే ఎక్కువ కదులుతాయి. స్క్రాచ్ చేయనివాళ్ళు డీజేఎం-ఎస్ వరస లాంటి స్క్రాచ్ మిక్సర్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. కార్బన్ ట్రాక్ ఫేడర్‌కు దుమ్ము చేరితే కరకరలాడుతుంది. అయస్కాంతంతో పనిచేసే, రాపిడి లేని ఫేడర్ ఉంటే ఆ బాధ తక్కువ. ఎఫెక్టుల్లో ఎకో, ఫిల్టర్ ఈ రెండూ రోజూ వాడతారు, మిగతావి అరుదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉంటాయి కాబట్టి వాటి కోసం పైమెట్టు మోడల్‌కు వెళ్ళకండి.

బడ్జెట్ పంచుకోవడం

చేతిలో ఉన్న మొత్తంలో ఐదో వంతు ముందే పక్కన పెట్టండి. రెండు ఇరవై మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్ళు, చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్, నురుగు వేసిన గట్టి కేసు, యూపీఎస్, ఇవి దాంట్లో రావాలి. మిగిలిందే మిక్సర్ డబ్బు.

ముప్పై వేల చుట్టుపక్కల ఉంటే ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి కంట్రోలర్ తీసుకుని, డీఐ బాక్స్ కలుపుకోండి. అంతే డబ్బుతో పేరు లేని నాలుగు చానళ్ళ మిక్సర్ కొనడం కన్నా ఇది నయం, అమ్మినా డబ్బు వస్తుంది. ఇంకొంచెం పెట్టగలిగితే పయనీర్ డీజేఎం-250ఎంకే2, దాని పైన డీజేఎం-450 చూడండి. రెండూ రెండు చానళ్ళవే, రెంటికీ ఎక్స్‌ఎల్‌ఆర్ మాస్టర్, లోపల సౌండ్ కార్డ్ ఉన్నాయి. 250లో ఫిల్టర్ మాత్రమే ఉంటుంది, 450లో బీట్ ఎఫెక్టులు కూడా ఉంటాయి. లాప్‌టాప్‌లో ఎఫెక్టులు వాడేవాళ్ళకు 250 చాలు. నాలుగు చానళ్ళు నిజంగా కావాల్సినవాళ్ళకు డీజేఎం-750ఎంకే2, జోన్:43సీ. డీజేఎం-900 వరస, డీజేఎం-ఏ9 పెద్ద స్టేజీలకు. మీ దగ్గరికి వచ్చే అతిథి డీజే ఫలానా మిక్సరే కావాలని అడిగితే ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే

ప్రోగ్రామ్‌ల సీజన్ అయ్యాక అమ్మకానికి చాలా వస్తాయి. కొనవచ్చు. కానీ మీ హెడ్‌ఫోన్, లాప్‌టాప్, రెండు కేబుళ్ళు పట్టుకుని వెళ్ళండి, అరగంట కూర్చోండి.

మొదట పాట వేసి చానల్ ఫేడర్ పూర్తిగా దించి, ట్రిమ్, మాస్టర్ పెంచండి. సన్నగానైనా పాట వినపడితే ఫేడర్ అరిగింది. తర్వాత ప్రతి ఫేడర్‌ను, ప్రతి నాబును మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి కదపండి. కరకరమంటే శుభ్రం చేస్తే పోవచ్చు, మధ్యలో పాట తెగిపోతే మార్చాల్సిందే. హెడ్‌ఫోన్ ప్లగ్గును వేలితో అటూఇటూ కదిపి ఒక చెవి ఆగిపోతుందేమో చూడండి. అన్నింటికన్నా ముందు పాడయ్యేది ఆ జాక్‌. వెనక సాకెట్లు ఒక్కోటి ఊపి చూడండి. ఎక్స్‌ఎల్‌ఆర్ లెఫ్ట్, రైట్ విడివిడిగా విని రెంటి లెవెల్ ఒకటేనా చూడండి. యూఎస్‌బీ తగిలించి పది నిమిషాలు ఆడనివ్వండి. మూల స్క్రూలు తెల్లగా పూసి ఉంటే, తుప్పు పట్టి ఉంటే ఉప్పు గాలిలో పనిచేసిందని అర్థం. ఓడలరేవు, అంతర్వేది, పేరుపాలెం తీరాల్లో తిరిగిన సరుకైతే మూత తీయించి బోర్డు చూశాకే బేరం ఆడండి. అసలు బిల్లు మీది సీరియల్ నంబరు, మిక్సర్ కింద ఉన్న నంబరు రెండూ ఒకటి కాకపోతే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే లెవెల్స్ సరిగ్గా పెట్టుకోవడం నేర్చుకోండి. ఈక్యూ నాబులు మూడూ నిట్టనిలువుగా, చానల్ ఫేడర్ పూర్తిగా పైకి. పాటలో అన్నింటికన్నా గట్టిగా ఉండే చోటు వేసి, చానల్ మీటర్ సున్నా దగ్గర ఆడుతూ అప్పుడప్పుడు ప్లస్ 3 తాకేదాకా ట్రిమ్ తిప్పండి. మాస్టర్ మీటర్‌లోనూ ఎర్ర దీపం వెలగకూడదు. ఇంకా సౌండ్ కావాలంటే పెంచాల్సింది యాంప్లిఫయర్‌ దగ్గర. ఎర్రలో నడిపితే సిగ్నల్ తల తెగి చదునవుతుంది, దాంట్లోంచి కొత్తగా పుట్టే హై సౌండు టాప్స్‌ (పై బాక్సులు)లోని డయాఫ్రమ్‌ను కాల్చేస్తుంది. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫయర్లు చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయర్లు ముందు. ఈ వరస తప్పితే ధబ్ మని వచ్చే దెబ్బ బాక్సులకే తగులుతుంది.

2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అలాంటి చోటు దాటేటప్పుడు యాంప్లిఫయర్ల దాకా పరుగెత్తకుండా మీ చేతి కిందే తగ్గించడానికి మాస్టర్ నాబు పెద్దదిగా, వేలికి తేలిగ్గా అందేలా ఉన్న మిక్సర్ బాగా అక్కరకొస్తుంది.

బండి మీద మిక్సర్ కింద రెండు అంగుళాల మందం నురుగు పరవండి. లేకపోతే బేస్ అదురుకు స్క్రూలు వదులవుతాయి, యూఎస్‌బీ ఊడుతుంది. యూఎస్‌బీ కేబుల్‌ను కేసుకు టేపుతో బిగించండి. ప్రోగ్రామ్ అయ్యాక పొడి మెత్తటి బ్రష్‌తో ఫేడర్ సందుల్లో దుమ్ము తీసి, కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి మూయండి. కొబ్బరి పీచు, ధాన్యం తవుడు ఎగిరే ఊళ్ళలో గుడ్డ కప్పకుండా ఒక్క గంట కూడా వదలకండి. ఫేడర్ కరకరలాడితే ఫేడర్ల కోసమే చేసిన క్లీనర్ ఒకటి రెండు చుక్కలు వేసి ఇరవై సార్లు కదపండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వేస్తే ఆ రోజుకు సరిపోయినట్టే ఉంటుంది గానీ, అది ఫేడర్‌ జారడానికి వేసిన గ్రీజును కడిగేసి ట్రాక్‌ను ఎండగొడుతుంది, దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఫేడర్ మార్చడమే దారి.